10-2 మయామీ ఇంట్లో, 7-5 డ్యూక్ ఫైనల్లో: ఇదెక్కడి న్యాయం?

ప్రశ్న: నేను రాలీలో ఎం.ఎస్. చేస్తున్నాను. రూమ్మేట్లకి అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి, అది నాకూ అంటుకుంది. 2025లో ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, కాలేజీ టీముల ఒక లీగ్) ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కి 10-2 (10 గెలుపులు, 2 ఓటములు) ఉన్న మయామీని వదిలేసి 7-5 ఉన్న డ్యూక్‌ని ఎలా పంపారు? అసలు అర్హత ఎవరిది? ఈ లెక్క మనమే వేసుకోవచ్చా?

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. రూల్ ప్రకారం ఆ చోటు డ్యూక్‌దే. లెక్కలో తప్పేమీ లేదు. ఏది మంచి టీం అని అడిగితే మాత్రం మయామీ. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలండీ. మీ రూమ్మేట్లలో ఒకరు మొదటిదానికి, ఇంకొకరు రెండోదానికి జవాబు చెబుతూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నాం అనుకుంటున్నారు, అంతే.

10-2, 7-5 అన్న అంకెల్ని ముందు పక్కన పెట్టేయండి. అవి సీజన్ మొత్తం అంకెలు. కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌కి చూసేది కాన్ఫరెన్స్‌లో ఆడిన మ్యాచ్‌లు మాత్రమే. డ్యూక్ కాన్ఫరెన్స్ బయట ఇల్లినాయ్ చేతిలో 45-19తో, టులేన్ చేతిలో 34-27తో, కనెక్టికట్ చేతిలో 37-34తో ఓడింది. ఆ మూడూ ఈ లెక్కలోకి రావు. ఏసీసీలో ఆడిన 8 మ్యాచ్‌లలో డ్యూక్ 6 గెలిచి 2 ఓడింది. మయామీ కూడా సరిగ్గా అంతే. పిట్స్‌బర్గ్, ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ), జార్జియా టెక్ కూడా అంతే. 7-1తో వర్జీనియా ఒక్కటే పైన ఉంది. ఉన్న రెండు చోట్లలో ఒకటి దానికి పోయింది. మిగిలిన ఒక్క చోటుకి 6-2తో ఐదుగురు నిలబడ్డారు.

ఇలా ఎందుకు అయిందంటే, ఏసీసీలో 17 టీములున్నాయి, 2025లో ఒక్కొక్కటి ఆడింది 8 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. అంటే మిగతా 16 మందిలో సగం మందితోనే ఆట. ఐపీఎల్‌లో ఐదు టీములతో రెండేసి సార్లు, నాలుగింటితో ఒక్కోసారి ఆడినా, కనీసం అందరూ అందరినీ ఎదుర్కొంటారు. ఇక్కడ అదీ లేదు. ఎంసెట్‌లో షిఫ్టుకో పేపరు ఇచ్చి తర్వాత నార్మలైజేషన్ అంటారు కదా, అచ్చం ఆ బాపతు. నా పేపరు కష్టం, నీది సులువు అన్న పేచీ ఎప్పటికీ తెగదు. ఇదివరకు కాన్ఫరెన్స్‌ని రెండు డివిజన్లు చేసి, ఒక్కో డివిజన్ విజేతని పంపేవారు. డివిజన్ లోపల అందరూ అందరితో ఆడేవారు కాబట్టి పేచీలు తక్కువ. ఏసీసీ 2023లో, ఎస్‌ఈసీ, బిగ్ టెన్ అనే వేరే కాన్ఫరెన్స్‌లు 2024లో డివిజన్లు ఎత్తేశాయి. ఇప్పుడు పట్టికలో పైనున్న ఇద్దరు వెళతారు, అందుకే టైబ్రేకర్ (సమానంగా ఉన్నవాళ్లలో ఒకర్ని తేల్చే నియమం) పేరు ఇంతగా వినబడుతోంది.

ముఖాముఖి ఎందుకు చూడలేదు?

అందరూ మొదట అడిగేది ఇదే. చూశారండీ, కానీ తేలలేదు. ఐదు టీములంటే పది జతలు. ఆ పది జతల్లో నాలుగే మ్యాచ్‌లు జరిగాయి. ఎస్‌ఎంయూ ఓవర్‌టైంలో మయామీని 26-20తో ఓడించింది. మయామీ పిట్స్‌బర్గ్‌ని 38-7తో చిత్తు చేసింది. పిట్స్‌బర్గ్ జార్జియా టెక్‌ని 42-28తో, జార్జియా టెక్ డ్యూక్‌ని 27-18తో ఓడించాయి. గొలుసులా పేర్చి చూడండి: అట్టడుగున డ్యూక్. చివరికి పైకెళ్లిందీ డ్యూకే! అభిమానుల కడుపుమంట ఇక్కడే మొదలైంది.

కానీ ఇద్దరి కంటే ఎక్కువమంది సమానంగా ఉన్నప్పుడు ముఖాముఖి రెండు సందర్భాల్లోనే చెల్లుతుంది: సమానంగా ఉన్న వాళ్లంతా ఒకరితో ఒకరు ఆడి ఉండాలి, లేదా ఒక టీం మిగతా అందర్నీ ఓడించి ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. ఎస్‌ఎంయూ మయామీని గెలిచింది నిజమే, కానీ పిట్స్‌బర్గ్, డ్యూక్, జార్జియా టెక్‌లతో అసలు ఆడనేలేదు.

రెండో మెట్టు, ఐదుగురికీ ఉమ్మడి ప్రత్యర్థులు. ఐదుగురి షెడ్యూళ్లూ పక్కపక్కన పెడితే అందరిలోనూ కనిపించే పేరు ఒక్కటే, సిరాక్యూస్. ఆ ఏడాది సిరాక్యూస్ కాన్ఫరెన్స్‌లో గెలిచింది ఒక్క మ్యాచ్. ఐదుగురూ దాన్ని ఓడించారు. తేడా లేదు. తర్వాతి మెట్టు, ఉమ్మడి ప్రత్యర్థుల్ని పట్టికలో పైనుంచి కిందికి ఒక్కొక్కర్నీ చూడటం. ఉన్నదే ఒక్క సిరాక్యూస్ కాబట్టి అదీ అక్కడే ఆగిపోయింది.

అప్పుడు వచ్చింది అసలు మెట్టు: మీరు ఆడిన కాన్ఫరెన్స్ ప్రత్యర్థులంతా కలిపి కాన్ఫరెన్స్‌లో ఎంత శాతం గెలిచారు?

ఇది శాతమే అయినా, అందరూ 8 మ్యాచ్‌లే ఆడారు కాబట్టి ప్రత్యర్థుల గెలుపులు కూడితే చాలు. 8 మంది ప్రత్యర్థులు, తలా 8 మ్యాచ్‌లు, మొత్తం 64.

డ్యూక్: వర్జీనియా 7, జార్జియా టెక్ 6, ఎన్‌సీ స్టేట్ 4, క్లెమ్‌సన్ 4, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) 4, వేక్ ఫారెస్ట్ 4, నార్త్ కరొలైనా 2, సిరాక్యూస్ 1. కూడితే 32. అంటే సరిగ్గా సగం.

మయామీ: ఎస్‌ఎంయూ 6, పిట్స్‌బర్గ్ 6, లూయివిల్ 4, ఎన్‌సీ స్టేట్ 4, స్టాన్‌ఫర్డ్ 3, ఫ్లోరిడా స్టేట్ 2, వర్జీనియా టెక్ 2, సిరాక్యూస్ 1. కూడితే 28.

ఇలాగే జార్జియా టెక్‌కి 28, పిట్స్‌బర్గ్‌కి 27, ఎస్‌ఎంయూకి 27 వస్తాయి. 32 ఎక్కడ, 28 ఎక్కడ. దగ్గర పోటీ కూడా కాదు. ఇంతకీ ఎస్‌ఎంయూ చివరి వారం కాల్ మీద గెలిచి ఉంటే 7-1తో నేరుగా ఫైనల్‌కి వెళ్లేది, ఈ తంతే ఉండేది కాదు. 38-35తో ఓడింది. ఆ ఒక్క మ్యాచ్ డ్యూక్‌కి రెండు మేళ్లు చేసింది: తలుపు తెరిచింది, పైగా కాల్ డ్యూక్ ప్రత్యర్థి కాబట్టి దాని లెక్కలో ఒక గెలుపు కలిపింది.

మరి ఈ కొలత సరైనదేనా?

నా మటుకు నాకు ఇందులో ఒక కంత కనిపిస్తుంది. ఎవరితో ఆడారన్నది చూస్తుంది గానీ, ఎవర్ని గెలిచారన్నది చూడదు. డ్యూక్ 32లో 13 ఎక్కడివి? వర్జీనియా 7, జార్జియా టెక్ 6. ఆ ఇద్దరి చేతిలోనూ డ్యూక్ ఓడింది! డ్యూక్ గెలిచిన ఆరుగురిలో ఒక్కరికి కూడా నాలుగుకి మించి కాన్ఫరెన్స్ గెలుపులు లేవు. గట్టివాళ్ల చేతిలో ఓడినందుకు మార్కులు పడ్డాయన్నమాట.

సరే, ఓడించిన ప్రత్యర్థుల గెలుపులే కూడి చూద్దాం. డ్యూక్ 19, ఎస్‌ఎంయూ 19, మయామీ 18, జార్జియా టెక్ 18, పిట్స్‌బర్గ్ 17. డ్యూక్ ఆధిక్యం మంచులా కరిగిపోయింది. కానీ గమనించారా? ఇలా కొలిచినా మయామీకి చోటు రాదు. ఎస్‌ఎంయూ, డ్యూక్ తేల్చుకోవాల్సి వస్తుంది. మయామీ అభిమానులు ఈ కొలతని తిట్టుకున్నంత మాత్రాన వాళ్ల టీం ఫైనల్‌కి వెళ్లేది కాదు.

మయామీ వెళ్లే ఒక దారి, జాతీయ ర్యాంకింగ్‌ని టైబ్రేకర్‌గా పెట్టడం. ఆ దారి ఎక్కడికి తీసుకెళుతుందో 2008లో టెక్సస్ వాళ్లని అడగాలి. బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ దక్షిణ డివిజన్‌లో టెక్సస్, ఓక్లహోమా, టెక్సస్ టెక్ మూడూ 7-1. టెక్సస్ 45-35తో ఓక్లహోమాని, టెక్సస్ టెక్ 39-33తో టెక్సస్‌ని, ఓక్లహోమా 65-21తో టెక్సస్ టెక్‌ని ఓడించాయి. కాగితం, కత్తెర, రాయి ఆట. చివరికి బీసీఎస్ అనే అప్పటి జాతీయ ర్యాంకింగ్‌లో వెంట్రుకవాసి తేడాతో ముందున్న ఓక్లహోమా వెళ్లి, ఫైనల్లో మిజోరీని 62-21తో ఓడించింది. తటస్థ మైదానంలో, డాలస్‌లో, పది పాయింట్ల తేడాతో గెలిచిన టెక్సస్ ఇంట్లో కూర్చుంది. ఆ ర్యాంకింగ్ అంటే మూడింట రెండొంతులు ఓట్లు, ఒక వంతు కంప్యూటర్. కాన్ఫరెన్స్ పట్టికని కాన్ఫరెన్స్ బయటివాళ్ల చేతిలో పెట్టినట్టే. డ్యూక్ పద్ధతి వంకరదే కావచ్చు, కనీసం మైదానంలో వచ్చిన ఫలితాలతోనే నడుస్తుంది.

పాయింట్ల తేడా ఎందుకు పెట్టరు, మనకి నెట్ రన్ రేట్ ఉంది కదా అంటారా? పెడితే బలహీనుడు దొరికిన రోజు నాలుగో క్వార్టర్‌లో కూడా మెయిన్ ఆటగాళ్లని దించకుండా బాదుతూనే ఉంటారు. 2025 ఎస్‌ఈసీ నిబంధనల్లో పాయింట్ల తేడా ఉంది, కానీ దానికి పరిమితి కట్టి ఐదో మెట్టులో పెట్టారు. దాని తర్వాత ఇక చీటీ తీయడమే.

ఎస్‌ఈసీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చూడండి. అదే 2025లో అక్కడ అలబామా, జార్జియా, ఓల్ మిస్, టెక్సస్ ఏ అండ్ ఎం నలుగురూ 7-1. చోట్లు రెండు. నలుగురికీ ఉమ్మడి ప్రత్యర్థి ఒక్కరూ లేరు. ఏసీసీలో వాడిన కొలతే ఇక్కడా వాడారు: ప్రత్యర్థుల గెలుపులు అలబామాకి 32, జార్జియాకి 30, ఓల్ మిస్‌కి 22, ఏ అండ్ ఎంకి 18. మొదటి 11 మ్యాచ్‌లూ గెలిచి వచ్చిన ఏ అండ్ ఎం చివరి మ్యాచ్ టెక్సస్ చేతిలో 27-17తో ఓడి ఫైనల్ పోగొట్టుకుంది. అయినా ఏసీసీలో లేచినంత గోల లేవలేదు. ఎందుకంటే అలబామా, జార్జియా అన్న పేర్లు అందరి ఊహకీ సరిపోయాయి. కొలబద్ద ఒకటే, ఫలితం నచ్చినప్పుడు ఎవరూ దాన్ని తిరగేసి చూడరు.

మీరే లెక్క వేసుకోవాలంటే

నవంబర్ మొదటి వారం నుంచి ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. అడ్డంగా టీములు, నిలువుగా టీములు, ఆడిన గడిలో గెలుపో ఓటమో, ఆడని గడి ఖాళీ. చివర్లో ఒక వరుస కాన్ఫరెన్స్ గెలుపులకి. ఇది కష్టం కాదు. తప్పులు జరిగే చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది, ఒకే కాన్ఫరెన్స్ టీములు ఆడినా అది కాన్ఫరెన్స్ మ్యాచ్ కాకపోవచ్చు. ఇది మీ ఊరి సంగతే. 2025 సెప్టెంబరులో రాలీలోని ఎన్‌సీ స్టేట్ వర్జీనియాని 35-31తో ఓడించింది. కానీ ఆ మ్యాచ్‌ని రెండు స్కూళ్లూ కాన్ఫరెన్స్ షెడ్యూల్‌కి బయట పెట్టుకున్నాయి. అందుకే అది వర్జీనియా కాన్ఫరెన్స్ లెక్కలో ఓటమి కాలేదు, ఎన్‌సీ స్టేట్‌కి ఐదో గెలుపూ కాలేదు. ఇది తెలియక లెక్క వేస్తే వర్జీనియా 7-2 అని వచ్చి పట్టికే తప్పుతుంది. సరిచూసుకోడానికి ఒక చిట్కా: కాన్ఫరెన్స్ మొత్తం గెలుపుల కూడిక, మొత్తం మ్యాచ్‌ల సంఖ్యకి సమానం కావాలి. 2025 ఏసీసీలో 17 టీములు, తలా 8 అంటే 136, అందులో సగం 68. ఆ ఏడాదికి మీ వరుస కూడితే 68 రాకపోతే ఎక్కడో ఒక మ్యాచ్ తప్పు పడింది.

రెండోది, ఐదుగురు సమానంగా ఉంటే ఐదుగుర్నీ ఒకే గుంపుగా చూడాలి. ఇద్దరిద్దరిని జతలు చేసి ముఖాముఖి పెట్టి ఒకర్ని తీసేస్తూ పోకూడదు. టీవీ ముందు జరిగే వాదనల్లో సగం ఈ తప్పు మీదే నడుస్తాయి. ఎక్కడ మొదలుపెట్టారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది కాబట్టే ఆ పద్ధతి నిషిద్ధం.

మూడోది, చోట్లు రెండు ఖాళీగా ఉంటే ఒకరు తేలగానే మిగిలినవాళ్లకి మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. పైన ఎస్‌ఈసీ లెక్కలో అలబామా తేలాక జార్జియా, ఓల్ మిస్, ఏ అండ్ ఎం ముగ్గురే మిగిలారు. ఇప్పుడు ఉమ్మడి ప్రత్యర్థులు పుట్టుకొచ్చారు, ఫ్లోరిడా, మిసిసిపి స్టేట్. ముగ్గురూ ఆ ఇద్దర్నీ గెలిచారు కాబట్టి మళ్లీ ప్రత్యర్థుల గెలుపుల మెట్టుకే వచ్చి 30తో జార్జియా వెళ్లింది. ఇక్కడ ఫలితం మారలేదు, కానీ మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. గుంపు చిన్నదైతే ముఖాముఖి కూడా చెల్లుబాటు కావచ్చు.

ఇక చివరి రెండు వారాలు ఎవరి గెలుపు కోరుకోవాలి? మీ టీం ఆడేసిన ప్రత్యర్థి, మీ టీం ఆడని టీంతో తలపడుతుంటే మీ ప్రత్యర్థి గెలవాలి. మీ ప్రత్యర్థులిద్దరూ ఒకరితో ఒకరు ఆడుతుంటే ఎవరు గెలిచినా మీ కూడిక మారదు, ఆ రోజు హాయిగా పడుకోవచ్చు.

ఫైనల్‌కి వెళ్లి డ్యూక్‌కి ఏం ఒరిగింది?

కప్పు ఒరిగింది. షార్లట్‌లో వర్జీనియాని ఓవర్‌టైంలో 27-20తో ఓడించి ఏసీసీ ఛాంపియన్ అయింది. కానీ 12 టీముల జాతీయ ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ఆ ఏడాది అక్కడ నేరుగా చోటు దొరికింది ర్యాంకింగ్‌లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి. ఫలానా కాన్ఫరెన్స్ వాళ్లకే అన్న హామీ అప్పట్లో లేదు. 8-5 డ్యూక్ కంటే టులేన్, జేమ్స్ మాడిసన్ పైన ఉన్నాయి. డ్యూక్‌ని సెప్టెంబరులో ఓడించిన టులేనే అది. కాన్ఫరెన్స్ లెక్కలోకి రాని ఓటములన్నాను కదా, అవి ఇక్కడ వడ్డీతో సహా వచ్చి పడ్డాయి.

మయామీ మాత్రం ఏసీసీ ఫైనల్ ఆడకుండానే ప్లేఆఫ్ కమిటీ ఎంపికతో పదో సీడ్‌గా వెళ్లింది. టెక్సస్ ఏ అండ్ ఎం, ఒహాయో స్టేట్, ఓల్ మిస్‌లను వరసగా ఓడించి, 2026 జనవరి 19న తమ సొంత మైదానంలోనే జరిగిన జాతీయ ఫైనల్లో ఇండియానా చేతిలో 27-21తో ఓడింది. ఏది మంచి టీం అన్న ఆ రెండో ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు నేనివ్వలేను. అయినా ఇది ఏసీసీ టైబ్రేకర్ తప్పని రుజువు చేయదు. టైబ్రేకర్ పని ఆ 8 మ్యాచ్‌ల పట్టికని తెగ్గొట్టడం, జనవరిలో ఎవరు బాగా ఆడతారో జోస్యం చెప్పడం కాదు.

ఒక హెచ్చరికతో ఆపుతాను. పైన నేను వేసిన "గెలుపులు కూడితే చాలు" అన్న కిటుకు అందరి మ్యాచ్‌లూ సమానమైతేనే పనిచేస్తుంది. ఎస్‌ఈసీ 2026 నుంచి 9 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకి వెళుతోంది, అక్కడ 16 టీములు కాబట్టి ఇబ్బంది లేదు. ఏసీసీ కూడా తొమ్మిదికి మారుతోంది, కానీ 17 తొమ్మిదులు 153. బేసి సంఖ్య, సగం చేస్తే తెగదు. కనీసం ఒక టీం అయినా ఎనిమిదే ఆడక తప్పదు. అప్పుడు శాతాలే వేయాలి: 6-2 అంటే .750, 7-2 అంటే .778. ఓటములు ఇద్దరికీ రెండే అయినా 7-2 వాళ్లు పైన ఉంటారు, 6-2 వాళ్లు టైబ్రేకర్ దాకా కూడా రారు. ఈ నిబంధనల్ని కాన్ఫరెన్స్‌లు సవరిస్తూ ఉంటాయి. సీజన్ మొదలయ్యే ముందు, ఆగస్టులో, మీ కాన్ఫరెన్స్ ప్రకటించిన టైబ్రేకర్ కాగితం ఒకసారి పూర్తిగా చదివి స్ప్రెడ్‌షీట్‌లో మొదటి పేజీగా అతికించుకోండి.